పోలిరాజుకు చిల్లంగి

పోలిరాజు పేరు తెలియనివాళ్లు ఆ రోజుల్లో వాట్‌గంజ్ ఓడరేవు కూలీల లైనులో లేరు. పద్దెనిమిదేళ్లకే బాక్సింగులో జిల్లా కప్పు తెచ్చాడు మరి. బెంగాలీ బాబులు సైతం వాడి భుజం తట్టి, మూడేళ్లలో దేశం తరఫున ఆడతాడన్నారు. ఎర్రజెండా సర్కారు వచ్చిన ఎనిమిదో ఏడు అది. ఆ మూడేళ్లూ గడిచాయి. దేశం మాట అటుంచండి, బెంగాలు జట్టులోకైనా ఎక్కలేదు. ఎక్కడికి వెళ్లినా రెండో ఆటకో మూడో ఆటకో ఓడి, వాచిన పెదవితో ఇంటికొచ్చేవాడు.

ఎందుకు ఓడిపోతున్నాడో తల్లి కాసులమ్మకు తెలుసు. పక్కింటి సన్యాసమ్మ చిల్లంగి పెట్టింది.

కప్పు తెచ్చిన వారానికే సన్యాసమ్మ వచ్చి, వాడు చేతులకు చుట్టుకునే పాత పట్టీలు అడిగి పట్టుకుపోయింది. మోకాలు నొప్పట, కట్టుకుంటుందట. వాడి చెమటతో తడిసి ఆరిన గుడ్డ! చేతబడికి అంతకంటే ఏం కావాలి? ఆ మోకాలికి పట్టీ ఉందో లేదో చూద్దామని కాసులమ్మ కుళాయి దగ్గర ఎన్నిసార్లు వంగిందో. సన్యాసమ్మ చీర చీలమండ దిగి ఉండేది. ఏం దాస్తున్నట్టు?

"ఏటే అప్పా, నా కాళ్లకేసి సూస్తన్నావు?" అంది ఒకనాడు సన్యాసమ్మ.

"ఏటీ నేదు. నొప్పి తగ్గిందేటోనని."

"నీ కొడుకు పట్టీలే నన్ను నడిపిస్తన్నాయి. ఆడు సల్లగుండాల."

సల్లగుండాలట! కాసులమ్మ బిందె నిండకుండానే ఎత్తుకుని, తిన్నగా లైను పెద్ద రామనాథం దగ్గరికి వెళ్లింది.

"ఆదివారం అందర్నీ కూసోబెడతాను. నలుగుర్లో దాని పేరెట్టి సెప్పాల నువ్వు. రుజువైతే లైన్లోంచి ఎల్లగొట్టీడమే," అన్నాడాయన.

"సెప్తాను బావు."

మొగుడూ పిల్లలూ లేని సన్యాసమ్మ ఎక్కడికి పోతుందని ఇద్దరూ ఆలోచించలేదు.

శనివారం మధ్యాహ్నం బెంగాలు జట్టు ఎంపిక. వద్దంటున్నా వినకుండా కాసులమ్మ కొడుకు వెంట వెళ్లింది. చిల్లంగి పట్టినవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోతుందని ఎవరో చెప్పారామెకు. అది కళ్లారా చూస్తే రేపు గట్టిగా చెప్పొచ్చు.

ముందు నీళ్లిచ్చేవాణ్ణి అనుమానించింది. తరవాత గంట కొట్టేవాణ్ణి. ఆపైన కొడుకు చేతిమీంచి చూపు తిప్పలేదు. చెయ్యి ఆగలేదు. బాణంలా వెళ్తోంది. తీరా అది వెళ్లేసరికి లిలువా నుంచి వచ్చిన ఎదుటి కుర్రాడు అక్కడ ఉండడం లేదు. ఉన్నట్టుండి పక్కనుంచి వచ్చి ఒకటి తగిలించి పోతున్నాడు. మూడు రౌండ్లూ అదే వరస. ఆట అయ్యాక పోలిరాజు ఆ కుర్రాణ్ణి కావలించుకుని నవ్వాడు.

"ఓడిపోయి నవ్వుతావేట్రా?" అంది ట్రాములో.

"బలే ఆడినాడే అమా. నాకంటే మంచోడు."

"ఎవులో ఏటో పెట్టబట్టిగానీ..."

"ఎవులూ ఏటీ పెట్టనేదు. అప్పుడు నా తోటోళ్లకి ఆట రాదు, నాకొచ్చు. ఇప్పుడందరికీ వచ్చీసింది. నానింతే."

కాసులమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. ఈ మాట కంటే చిల్లంగే నయమనిపించింది. చిల్లంగైతే తీయించుకోవచ్చు.

ఆదివారం జనం చేరకముందే రామనాథం గడప ఎక్కింది.

"పంచాయితీ ఒద్దు బావు. నా కొడుకునెవులూ ఏటీ సెయ్యనేదు. ఆడు... ఆడంతటోడే."

రామనాథం బీడీ పక్కన పెట్టాడు. ఆమె కళ్లలోకి తేరిపార చూశాడు.

"మొన్నటిదాకా నిప్పులు కక్కినావు. ఇంతలో నోరు మూతడిపోయిందా? దానింట్లో ఏటి తిన్నావు?"

"ఏటీ తిన్నేదు బావు."

"తిన్నోళ్లందరూ అలాగే అంతారు. నీక్కూడా పెట్టీసిందన్నమాట."

కాసులమ్మ కాదనే కొద్దీ ఆయన తల ఇంకా గట్టిగా ఊపుతున్నాడు. జనం ఒక్కొక్కరే వస్తున్నారు. సన్యాసమ్మ కుంటుకుంటూ వచ్చి, తన మీదే పంచాయితీ అని తెలియక, ఓ చివర చతికిలబడింది.

కాసులమ్మ మెట్టు మీదే కూర్చుని, అందరికీ వినబడేలా మొదలుపెట్టింది.

"నిన్న నా కళ్లతో సూసినాను. మావోడి సెయ్యి ఎక్కడా ఆగనేదు, అవతలోడికే ఆట బాగా వచ్చు. మొదటి రౌండులో మావోడికి ఎడమ దవడ మీద రెండు పడ్డాయి. ఆడు సూసుకోనేదు. మూడోది ముక్కు మీద. అదీ సూసుకోనేదు..."