పైడమ్మ దగ్గిన చోటు

"గాల్ల దేశంల లొల్లి అయితే మనింట్ల పొయ్యి ఎందుకు ఆరాలె?"

ఫిబ్రవరి నుంచి మా ఆయన రాంచందర్ రోజూ పొద్దున అనే మాట ఇది. పొయ్యి ఏనాడూ ఆరలేదు. ఒక మంట మీద పప్పు, ఇంకో మంట మీద ఆయన బాక్సులోకి బెండకాయ ఉడుకుతూనే ఉండేవి. ఆరిపోయింది నా ఓపికే.

గాల్ల దేశం అంటే బర్మా. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాను. ఎప్పుడో కూలికి బర్మా వెళ్లిపోయిన తెలుగువాళ్ల మాట మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. వాళ్ల మునిమనవరాళ్లు పదకొండు మందికి ఫోన్లో తెలుగు రాయడం, చదవడం నేర్పుతాను. బదులుగా వాళ్లు తమ ఇళ్లలో ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి పంపుతారు. అదే రికార్డు విని, విన్నది విన్నట్టు నోటుపుస్తకంలో రాయడం వాళ్ల హోంవర్కు. సాయంత్రాలు క్లాసు హాయిగా సాగేది. ఇంతలో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. సాయంత్రం కర్ఫ్యూ పెట్టారు, సెల్‌ఫోన్లలో నెట్ ఆపేశారు. నా విద్యార్థుల్లో తీగ కనెక్షన్ ఉన్న అప్పలమ్మ ఇంట్లో పిల్లలంతా చేరాలి, అదీ రాత్రి ఆపిన నెట్ పొద్దున తొమ్మిదికి వదిలాక. వాళ్ల తొమ్మిది మనకు ఎనిమిది. రోజులో ఇన్ని గంటలుండగా ఆ సైన్యాధికారులకు నా టిఫిన్ల వేళే దొరికింది!

పోపుల డబ్బాకు ఫోన్ ఆనించి, చేతిలో గరిటెతో పాఠం చెప్పేదాన్ని. "ఫోన్ల ముచ్చట వెట్టుడు గూడ పనేనా బిడ్డా? జీతమిస్తరా గా బర్మోల్లు?" అని మా అత్తమ్మ కిష్టవ్వ చిక్కుడుకాయల జల్లెడ నా ముందుకు జరిపేది. కాలేజీలో చెప్పే పాఠానికి జీతం వస్తుంది కనుక అది పని. ఈ ఇంట్లో పదహారేళ్లుగా వండుతున్నదానికి ఎవరిస్తున్నారో అడగాలనిపించేది, అడగలేదు. కుక్కర్ కూసినప్పుడల్లా అవతల పిల్లలు ఉలిక్కిపడేవారు. వాళ్ల వీధిలో కాల్పులు మొదలయ్యాక నేను కుక్కర్ మానేసి గిన్నెలో పప్పు వండాను. ఉడకలేదని ఇంట్లో అదో పంచాయితీ.

ఆ బర్మా ముసలివాళ్లలో నా థీసిస్‌కు ప్రాణం ఎనభై ఆరేళ్ల పైడమ్మ. ఓడలో వచ్చిన తల్లి గురించి, ధాన్యం మిల్లు గురించి, పోగొట్టుకున్న పిల్లల గురించి నలభై రికార్డుల నిండా చెప్పింది. మార్చిలో మందులు దొరక్క చనిపోయింది. దారిలో సైనికులు ఫోన్లు లాక్కుని చూస్తున్నారని పిల్లలు తమ ఫోన్లలో ఉన్నవన్నీ తుడిచేశారు. మిగిలింది నా ఫోన్లోనే. ఆదివారం లాప్‌టాప్‌లోకి ఎక్కిద్దామనుకున్నాను. ఆ ఆదివారం మరిది ఎంగేజ్‌మెంటు. నేను నలభై మందికి బగారన్నం వండుతుంటే, వీడియో తీస్తానని మా ఆయన నా ఫోన్ పట్టుకెళ్లాడు.

"ఫోన్ మొత్తం నిండింది. ఎవరో ముసలామె దగ్గుడు, గులుగుడు ఉంటె అన్ని తీసేసి జాగ చేసిన," అన్నాడు సోమవారం. మెచ్చుకుంటానేమో అన్నట్టు చూశాడు.

నేను ఫోనంతా వెతికాను. ఎక్కడా లేవు. "జూన్ల థీసిస్ ఇయ్యాలె నేను," అన్నాను.

"ఆమెను మల్ల మాట్లాడమను. గింత దానికి పరేషానెందుకు?"

"ఆమె సచ్చిపోయింది."

"అయ్యో," అన్నాడు. పేపరు చేతికి తీసుకుని, "చాయ్ వెట్టవా?" అన్నాడు.

చాయ్ పెట్టాను. పెట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మంగళవారం క్లాసులో జరిగింది చెప్పి, వాళ్ల ముందే ఏడ్చేశాను. అప్పలమ్మ లోపలికెళ్లి బియ్యం డబ్బా తెచ్చి, బియ్యంలోంచి నోటుపుస్తకాలు ఒక్కొక్కటే తీసింది. పదకొండు. ఫోన్లతో పాటు ఇవీ ఎప్పుడో చింపేసి ఉంటారనుకున్నాను నేను. "హోంవర్కు కదా మేడంగారూ. మిలట్రీవోళ్లు ఫోన్లే సూత్తన్నారు, ఇయ్యి సూడట్లేదు. నలబయ్యీ రాసినాం," అంది. ఒక పేజీ కెమెరా ముందు పెట్టింది. వంకర అక్షరాలు, తప్పుడు ఒత్తులు. పైడమ్మ ఆగిన చోట "ఆగింది" అని, దగ్గిన చోట "దగ్గింది" అని కూడా రాశారు. తుపాకుల మధ్య ఉన్న పిల్లలు దాచుకున్నది, నేను నా ఇంట్లో కాపాడుకోలేకపోయాను.

బుధవారం ఎనిమిదికి ముందుగదిలో కుర్చీ వేసుకుని, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. ఒళ్లో తెల్లకాగితాలు, చేతిలో గరిటెకు బదులు పెన్ను. అప్పలమ్మ చదువుతోంది, నేను రాసుకుంటున్నాను. తలుపు తోసుకుని రాంచందర్ వచ్చాడు.

"నవతా, టిఫిన్ ఏది? వంటింట్ల ఎవ్వలు లేరు."

"మీరు నా ఫోన్ల జాగ చేసిండ్లు గద," అన్నాను తలెత్తకుండానే. "నేను గూడ వంటింట్ల మీకు జాగ చేసిన. పోండ్రి."

ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నేను ఫోన్ వైపు తిరిగాను.

"ఆ దగ్గిన చోటు నుంచి మళ్లీ చదువు, అప్పలమ్మా."