ఉచితంగా నీళ్ళాడు స్థలము

నేను ఒక బకెట్‌ను. అందరూ నన్ను అలాగే పిలుస్తారు కాబట్టి అలాగే మొదలుపెట్టాను కానీ, ఆ విషయంలో నాకే గట్టి నమ్మకం లేదు. బకెట్ అన్నాక పట్టుకోవడానికి ఒక కాడ ఉండాలి. ఎవరో ఒకరు మోసుకుపోవాలి. స్నానాల గదిలోనో నూతి గట్టు మీదో తనదంటూ ఒక మూల ఉండాలి. నాకు ఇవేవీ లేవు. ఇద్దరు మనుషులు చేతులు కలిపి పట్టుకున్నా నా నడుము అందదు. రెండు పక్కలా ఇరుసులు పెట్టి, ఇనుప స్తంభాల మధ్య, మనుషుల తలలకు బాగా ఎత్తున వేలాడదీశారు. పైనున్న గొట్టంలోంచి నీళ్ళు పడుతుంటాయి. నేను నిండుతుంటాను. హమ్మయ్య, నిండాను అనుకునేలోపే తలకిందులైపోతాను. ఉన్న నీళ్ళన్నీ కింద పారబోసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నిటారుగా నిలబడతాను. ఇదీ నా ఉద్యోగం. పారబోయడానికే అయితే ఇంత కష్టపడి నింపడం ఎందుకో మొదటి రోజు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

నేను పుట్టింది విశాఖపట్నం శివార్లలో, ఫైబర్ బొమ్మలు చేసే ఒక షెడ్డులో. అచ్చులోంచి తీసేసరికి ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉన్నాను. పుట్టుకతోనే అవకరం అని నేను కుమిలిపోతుంటే, మేస్త్రీ నన్ను అటూ ఇటూ ఊపి చూసి, "బాగా కుదిరింది, దీనికి ఈ వంకరే కావాలి" అన్నాడు. మెచ్చుకున్నాడో ఎత్తిపొడిచాడో తెలియలేదు. నా పక్కన నోరు తెరుచుకున్న కప్ప చెత్తకుండీలు వరుసగా ఉండేవి. వాటి పొట్ట మీద 'నన్ను వాడండి' అని రాసి ఉండేది. ఎందుకు పుట్టాయో వాటికి స్పష్టంగా తెలుసు. నా పొట్టకు ఎర్ర రంగు వేశారు కానీ ఒక్క అక్షరం రాయలేదు.

అక్కడి నుంచి లారీ ఎక్కించి, కొండల దిక్కున ఉన్న వంతరాంపేట అనే చిన్న పట్టణంలో, పురపాలక సంఘం పార్కులో దింపారు. అక్కడ గచ్చు చేసిన పెద్ద జాగా, గచ్చులో చిల్లులు. మోటారు వేస్తే చిల్లుల్లోంచి నీళ్ళు పైకి లేస్తాయి. ఒక పుట్టగొడుగు గొడుగు చుట్టూ తుంపర కురుస్తుంది. అన్నిటికీ పైన నేను. పిల్లలు వచ్చి తడవాలి, అంతే. టికెట్టు లేదు.

అంతా కట్టాక దీని పేరేమిటో ఎవరికీ తెలియలేదు. ఆఫీసువాళ్ళు నా కిందే నిలబడి చర్చించారు. జలక్రీడా ప్రాంగణం అన్నారొకరు. అది ఈతకొలనులా ఉంది, ఎవరైనా తలకిందులుగా దూకితే ఎవరిది బాధ్యత అన్నారింకొకరు. చివరికి ఇంజనీరుగారు విసుగెత్తి, పిల్లలు నీళ్ళల్లో ఆడుతారు కనక 'ఉచితంగా నీళ్ళాడు స్థలము' అని రాయించేశారు. ఆయనది గోదావరి అవతలి జిల్లా. మా వైపు పల్లెల్లో ఆడమనిషి ప్రసవిస్తే 'నీళ్ళాడింది' అంటారని ఆయనకు తెలియదు. తెలిసిన ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పెద్దాయనతో మనకెందుకని నీళ్ళు నమిలి ఊరుకున్నారు.

మొదటి వారం జనం గేటు దగ్గరే ఆగిపోయారు. ఊరికే పెట్టారంటే వెనక ఏదో మతలబు ఉంటుందని వాళ్ళ అనుమానం. కొందరు బిందెలతో వచ్చి, ఈ నీళ్ళు తాగేవి కావని తెలిసి పురపాలక సంఘాన్ని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. తర్వాత ఒక పిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని లోపలికి పరిగెత్తింది. ఇక ఎవరూ ఆగలేదు.

అప్పటి నుంచి మనుషుల్ని పైనుంచి చూస్తూనే ఉన్నాను, ఎంత చూసినా అయోమయం తీరలేదు. నాలుగు చినుకులు పడితే పిల్లల నెత్తిన తువ్వాలు కప్పి ఇంట్లోకి లాగే తల్లులే, ఇక్కడ "బాగా తడు, ఇంకా తడు" అని వెనకనుంచి తోస్తారు. పిల్లలు నా కింద గుంపుగా చేరి, తలెత్తి చూస్తూ, "పడతాది, పడతాది" అని వణుకుతారు. భయమైతే తప్పుకోవాలి కదా, తప్పుకోరు. పడ్డాక ఏడ్చినవాళ్ళు కూడా మళ్ళీ వచ్చి అక్కడే నిలబడతారు. తండ్రులు మాత్రం దూరంగా, పొడి బట్టల సంచులకు కాపలాగా ఉంటారు. ఆ సంచి మీద ఒక్క చుక్క పడితే ఇంటికెళ్ళాక జరిగేది వాళ్ళకు తెలుసు.

మోటారు గది గురునాయుడిది. మంచివాడే కానీ ఆ గదిలో ఏ స్విచ్చు దేనికో ఆయనకు ఎప్పుడూ తికమకే.

ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం సాయంత్రం ఒక ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. ఆటో అబ్బాయి బోర్డు చదివి, "ఇదేనమ్మా" అని ఇద్దరు ఆడవాళ్ళను దింపేసి వెళ్ళిపోయాడు. ముందు ఒక ముసలామె నడిచి వచ్చింది. ఆమె పేరు ఎరకమ్మ. వెనక కోడలు నీలవేణి, గేటు స్తంభం పట్టుకుని ఆయాసం తీర్చుకుంటోంది. గురునాయుడు మోటారు గదిలో తల దూర్చి ఉన్నాడు.

"బాబూ, నీళ్ళాడీ సోటు ఇదేనా?" అంది ఎరకమ్మ.

"ఇదేనమ్మా. చెప్పులు అక్కడ విడిచి లోపలికెళ్ళండి."

"డబ్బులేటీ అక్కర్లేదు కదా?"

"ఏటీ అక్కర్లేదు. అంతా ఉచితం."

"డాక్టరమ్మ ఉందా?"

"నీళ్ళాడ్డానికి డాక్టరమ్మ ఎందుకమ్మా? ఇక్కడ అన్నీ నేనే చూసుకుంటాను."

ఎరకమ్మ మోటారు గదికేసి అనుమానంగా చూసింది. "మగోడివి, నువ్వేటి సూస్తావు బాబూ?"

"చూసీదేటుంది, స్విచ్చు వేస్తే అయ్యే వస్తాయి. పిల్లలెందరు?"

"ఒక్కటే అని సెప్పినారు."

"వయసెంత?"

"వయసేటి? నెలలు నిండిపోనాయి."

"నెలల పిల్లని ఇక్కడికి తేకూడదమ్మా. గచ్చు మీద జారిపోద్ది" అంటూ గురునాయుడు తల బయటపెట్టి, నీలవేణిని చూశాడు. చూసి, బోర్డు చూశాడు. మళ్ళీ నీలవేణిని చూశాడు. ఆయనది మా వైపు ఊరే. ఆ మాట రెండో అర్థం ఆయనకు అప్పుడు తట్టింది.

పెద్దాసుపత్రి బస్టాండు అవతల ఉందని, ఇది పిల్లలు తడిసే చోటని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఎరకమ్మ గచ్చు మీద చతికిలబడిపోయింది. అప్పుడు చెప్పింది. నిరుడు నీలవేణికి మొదటి కాన్పు. కొండ దిగువకు డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే నొప్పులు ముదిరాయి. బిడ్డ దక్కలేదు. ఈసారి అలా జరగకూడదని, నొప్పులు రాకముందే, రోడ్డు బాగున్నప్పుడే బయల్దేరదీసింది. టౌనులో ఉచితంగా నీళ్ళాడే చోటు కట్టారని ఎవరో అంటే దేవుడు కరుణించాడనుకుంది.

"ఈపాలి కూడా తప్పిపోతే ఈ పిల్ల మొహం నానేలా సూడాల బాబూ" అంది.

గురునాయుడు ఆటో కోసం ఫోన్ చేశాడు. అత్తాకోడళ్ళను పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చాడు. కాసేపటికి అవతలి గేటు దగ్గర ఆటో హారన్ వినిపించింది. ఇద్దరూ లేచి, దగ్గరి దారి కదా అని తడి గచ్చు మీదుగా, సరిగ్గా నా కిందనుంచి నడిచారు. నడిమధ్యలో నీలవేణి ఆగిపోయింది. పొట్ట పట్టుకుని కిందికి కూలబడింది.

"అత్తా, నీళ్ళు పోనాయి" అంది.

"ఇక్కడన్నీ నీళ్ళే కదమ్మా, లే" అన్నాడు దగ్గరున్న ఒకాయన.

ఆయన తప్పేమీ లేదు. చుట్టూ చిల్లుల్లోంచి నీళ్ళు, గొడుగు నుంచి నీళ్ళు, పిల్లల జుట్టునుంచి నీళ్ళు. అందరి బట్టలూ తడిసే ఉన్నాయి. నీలవేణి ఉమ్మనీరు వాటిల్లో కలిసిపోయింది. ఎరకమ్మ గొంతు పోయేలా చెబుతోంది, పిల్లల కేకల్లో ఎవరికీ వినబడడం లేదు. పైనున్న నాకు మాత్రం వినబడుతోంది. విని నేను చేసిందేమిటంటే, నిండడం. అప్పటికే సగానికి వచ్చాను. ఇంకాసేపట్లో వాళ్ళ నెత్తిన తలకిందులవుతాను. ఆగడం నాకు చేతకాదు, నన్ను అలా చెయ్యలేదు. అంత భయం నేను ఎప్పుడూ ఎరగను.

"అత్తా, ఇవి ఎచ్చగున్నాయి" అంది నీలవేణి.

పక్కనే తన ఇద్దరు పిల్లల్ని ఆడిస్తున్న ఒకామె ఆ మాట విని గిరుక్కున తిరిగింది. ఆమె పేరు రోహిణి, పల్లెల్లో కాన్పులు చూసే నర్సు. ఆ రోజు సెలవు పెట్టి పిల్లలతో వచ్చింది. ఇక్కడి నీళ్ళన్నీ చల్లటివి. వెచ్చటి నీళ్ళు ఇక్కడికి ఒక్కచోటి నుంచే రావాలని ఆమెకు తెలుసు. మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.

"కదపొద్దు. తల కనిపిస్తోంది. మోటారు ఆపించండి, నూట ఎనిమిదికి చెయ్యండి" అంది.

గురునాయుడు పరిగెత్తాడు. కంగారులో ఒక స్విచ్చు నొక్కాడు. చిల్లుల నీళ్ళు రెండింతలు లేచాయి. ఇంకొకటి నొక్కాడు. పాటల మైకు మోగింది. నేను ముప్పాతిక నిండాను. ఇరుసు కిర్రుమంది. ఆ శబ్దం తెలిసిన పిల్లలు అలవాటుగా తలలెత్తి, "పడతాది, పడతాది" అన్నారు. మూడోసారి గురునాయుడు స్విచ్చుల్ని వదిలేసి మెయిన్ పీకేశాడు.

అన్నీ ఆగిపోయాయి. నేను కొద్దిగా వంగి, ఊగి, నిలిచిపోయాను. పారబోయకుండా నీళ్ళు కడుపులో పెట్టుకుని ఉండడం నా జీవితంలో అదే మొదటిసారి. చాలా బరువుగా ఉంది. కింద ఉన్న ఆ పిల్ల నెలల తరబడి ఇలాగే మోసిందా అనుకున్నాను.

తల్లులందరూ చుట్టూ చేరి తడి చున్నీలూ చీర కొంగులూ పట్టుకుని తెరగట్టారు. రోహిణి పొడి గుడ్డ కావాలంది. ఒక్కరి దగ్గరా లేదు. అప్పుడు దూరంగా ఉన్న తండ్రులకు తమ ఉద్యోగం గుర్తొచ్చింది. ఇంతకాలం ప్రాణంలా కాపాడిన సంచులన్నీ తెరిచి, మొహాలు అటు తిప్పుకుని, తువ్వాళ్ళు అందించారు. తెర పైకప్పు లేనిది కాబట్టి నేను మొహం తిప్పుకోలేకపోయాను. మొదట ఏ చప్పుడూ లేదు. ఎరకమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రోహిణి పులిబొమ్మ తువ్వాలుతో దేన్నో గట్టిగా తుడుస్తోంది. తర్వాత ఏడుపు వినబడింది. సన్నటి, కోపంగా ఉన్న ఏడుపు.

"ఆడపిల్ల" అంది రోహిణి.

ఎరకమ్మ ఏడుస్తూనే, "గోరెచ్చగా కాసిన్ని నీళ్ళు పోద్దారమ్మా" అంది. వద్దు, ఇవాళ బిడ్డకు నీళ్ళు తగలకూడదని రోహిణి చెప్పింది. "నీళ్ళాడీ సోటుకొచ్చి నీళ్ళు తగలకూడదంటారేటి" అని ఎరకమ్మ నాకేసి చూసింది. అంబులెన్సు వచ్చి ముగ్గురినీ తీసుకుపోయింది.

మర్నాడు పైవాళ్ళు వచ్చి, పార్కులో కాన్పు ఏమిటని అడిగి, నీళ్ళాటను ఆపించేశారు. ఎండలు తగ్గేదాకా ఆ నీళ్ళు ఊళ్ళో వార్డులకు వాడకానికి పంపిస్తారట. బోర్డు చెరిపి 'స్ప్లాష్ ప్యాడ్' అని రాశారు. ఆ మాట ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరని ధైర్యం. నాలో ముప్పాతిక నీళ్ళు అలాగే ఉన్నాయి. దోమలు గుడ్లు పెడతాయి, వంచెయ్యమని ఆఫీసువాళ్ళు గురునాయుడికి చెప్పారు. సరేనన్నాడు, వంచలేదు. ఎందుకో నాకు తెలియదు, ఆయనకూ తెలిసినట్టు లేదు.

పురుడు వెళ్ళాక ఒక పొద్దున ఎరకమ్మ మళ్ళీ వచ్చింది. చేతిలో పసుపు, కుంకుమ, పూలు. వెనక నీలవేణి, ఆమె భుజాన పులిబొమ్మ తువ్వాలు చుట్టుకుని పాప.

"మళ్ళీ ఏమైందమ్మా?" అన్నాడు గురునాయుడు, కాస్త భయంగానే.

"పచ్చి బాలింత నూతికి పూజ సేసి, సేద వేసి, నీళ్ళు తోడాల గదా బాబూ. అప్పుడు గదా ఇంట్లో పని ముట్టుకుంటాది. మా ఊరి నుయ్యి పూడిపోనాది. కుళాయికి పసుపు రాద్దారంటే, అందులో నీళ్ళు వచ్చీ వేళకి కూడా రావు. మా కోడలు గుంట నీళ్ళాడింది ఇక్కడ. సేద కూడా ఇక్కడే ఉంది" అని ఎరకమ్మ నన్ను చూపించింది.

గురునాయుడు తల గోక్కున్నాడు. తర్వాత నిచ్చెన తెచ్చాడు. నా కాళ్ళనుకోండి, ఆ స్తంభాలకు ఎరకమ్మ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. నిచ్చెన ఎక్కలేదు కాబట్టి, నాకు రాయమని గురునాయుడికి ఇచ్చింది. ఆయన నా పొట్ట మీద, ఏమీ రాయకుండా వదిలేసిన చోట, అరచేత్తో పసుపు అద్దాడు. నీలవేణి పాపను అత్తకిచ్చి, కింద చెంబు పట్టుకుని నిలబడింది.

గురునాయుడు నన్ను రెండు చేతులా పట్టుకుని మెల్లగా వంచాడు. ఎప్పుడూ ఒక్కసారిగా గుమ్మరించడమే తెలిసిన నేను, ఒక సన్నటి ధారగా వంగాను. ఇన్ని వేలసార్లు నాలోంచి నీళ్ళు పడ్డాయి, అన్నీ గచ్చు మీదే పోయాయి. నీళ్ళు తోడుకోవడానికి నా దగ్గరికి ఒక మనిషి రావడం అదే మొదలు.

చెంబు నిండింది. నీలవేణి "చాలు" అంది.

అంతవరకూ నాతో ఆ మాట ఎవరూ అనలేదు.