ఉప్పులో పెట్టిన చెవి మిషను

డాబాగార్డెన్స్ వెనకున్న ఆ నాలుగంతస్తుల షాపింగ్ బిల్డింగును అందరూ జపాన్ బిల్డింగనే అంటారు. కింద ఫోన్లు, వీడియో గేములు. మధ్య అంతస్తుల్లో జపాన్ కార్టూన్ బొమ్మలు. పైన రిపేర్లు. ఎంత చిన్న మిషనైనా అక్కడ బాగుచేస్తారని ఎవరో చెబితే, దుర్గను ఎత్తుకుని మా అత్తతో వెళ్లాను.

నా కూతురు దుర్గకు పుట్టుచెవుడు. చెవికి మిషను పెట్టాకే మాటలు మొదలయ్యాయి. వినకపోతే వచ్చిన మాటలు కూడా పోతాయని డాక్టరమ్మ ముందే భయపెట్టింది. మొన్న ఆ మిషను బకెట్లో పడింది. మా అత్త పోతమ్మ చిన్నప్పటి నుంచీ చేపలు ఎండబెట్టే మనిషి. తడి లాగేస్తుందని దాన్ని తీసుకెళ్లి కల్లుప్పు కుండలో పూడ్చింది. తీశాక అది పలకలేదు.

మెట్ల నిండా ఆ కార్టూన్ బొమ్మల్లా వేషాలేసుకుని, రంగు జుట్లు, అట్ట కత్తులతో కాలేజీ పిల్లలు.

"ఏటే ఈ ఏసాలు? దసరా ఇంకా రానేదు గదా!" అంది అత్త.

నీలం జుట్టు పిల్ల నవ్వింది. "నాతో ఫొటో దిగుతావా మామ్మా?"

"నీ జుట్టు సూత్తంటే మా పాత వల గుర్తొత్తంది. ఫొటో ఎందుకే!"

పైన రిపేర్లు చేసే సాయిశంకర్ మిషను విప్పి, భూతద్దం పెట్టి చూశాడు.

"దీన్ని ఎందులో ఎట్టారమ్మా?"

"ఉప్పులో," అంది అత్త. "సేప ఆరతాది గదా, ఇదారదేటి?"

అతను నవ్వబోయి, దుర్గను చూసి ఆగిపోయాడు.

"ఒట్టి నీల్లయితే సూద్దుం. ఉప్పు లోపలికెల్లి తీగలన్నీ తినేసింది. ఇందులో ఇంకేటీ మిగల్లేదు."

"ఇంత బిల్డింగుంది, ఒక్క ముక్క దొరకదా బాబూ?" అన్నాను.

"ఇక్కడున్నయ్యన్నీ ఆటసామాన్లే అక్కా."

మిషను ఉచితంగా ఒకసారి ఇచ్చాక ఇప్పట్లో మళ్లీ ఇవ్వరని సర్కారు ఆసుపత్రిలో ముందే అనేశారు. కొనడం మావల్ల కాదు. అత్త గోడకు ఆనుకుని కూలబడింది. తిడదామనుకున్నాను. చెయ్యి పట్టి లేపాను.

దిగుతుంటే దుర్గ నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. పెదవులు కలిపి, విడదీసింది. అమ్మ. గొంతు లేదు.

"గట్టిగా అను తల్లీ," అన్నాను.

నా నోటినే చూస్తూ, నా పెదవులు కదిలినట్టే తన పెదవులు కదిపింది.