వీపు మీద హద్దు తగాదా

భర్త వీపు మీద కొత్త మచ్చను ముందు చూసింది ఆవిడే. ఎడమ భుజం కింద, మిరియపు గింజంత, నల్లగా ఉంది. "డాక్టరుకి చూపించండి" అంది. ఆ మాట అని నెల కావస్తోంది.

ఆయన సర్వేయరు. పదిమంది పొలాల హద్దులూ కొలిచే మనిషి, కొలవనిదే దేన్నీ నమ్మడు. "ముందు ఎంతుందో తెలియాలి కదా. పెరిగితే అప్పుడు వెళ్దాం" అని, కూతురి జామెట్రీ బాక్సులోని స్కేలు ఆవిడ చేతికిచ్చి, చొక్కా విప్పి వెనక్కి తిరిగాడు. అప్పట్నుంచీ ఆదివారం పూట ఆవిడకి ఇదో ఉద్యోగం. ఆయన వంగితే చర్మం సాగి ఒక కొలత, నిటారుగా నిలబడితే ఇంకో కొలత. ఏది చెప్పినా తప్పు ఆవిడదే.

"పోయినవారం ఐదున్నర మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆరంటావేంటి? స్కేలు వంకరగా పెట్టుంటావ్."

"మీరు ఊపిరి పీల్చారు."

"మరి మానెయ్యమంటావా?"

విసుగెత్తి, మచ్చ చుట్టూ పెన్నుతో గీత గీసేసింది. అది చెరిగిపోతుందని ఆయన స్నానం మానేశాడు.

మధ్యలో ఆడపడుచు ఫోను. "డాక్టరు దగ్గరికెళ్తే ఏదో ఒకటుందనే అంటాడమ్మా. వెళ్లకపోతే ఏమీ ఉండదు."

"విన్నావా అక్క ఏమందో?" అన్నాడాయన, పైకోర్టు తీర్పు వచ్చినట్టు.

"మోకాలు నొప్పికి మీ అక్క ముగ్గురు డాక్టర్లని మార్చింది."

"అది మోకాలు."

శనివారం పొద్దున ఆయన బనీను మార్చుకుంటుంటే చూసింది. మచ్చ ఒక పక్క గోధుమరంగుకి తిరిగి, గీత దాటేసింది. ఈసారి ఆవిడ స్కేలు తియ్యలేదు. ఫోనుతో ఫోటో తీసి, మచ్చ తెరంతా నిండేలా పెద్దది చేసి, కాఫీ తాగుతున్న మనిషి ముందు పెట్టింది. వెంట్రుకలు తుప్పల్లా కనిపిస్తున్నాయి.

ఆఫీసులో ఆయనకి ఈమధ్య డ్రోను తీసిన చెరువుల ఫోటోలు చూడటమే పని. కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏ చెరువిది? గట్టు దాటి బయటికొచ్చేసింది. ఈ తూర్పు పక్క అసలు హద్దే లేదు. రంగు కూడా తేడాగా ఉంది. ఇన్నాళ్లూ గుడ్లప్పగించి కూర్చున్నారా? వెంటనే మనిషిని పంపాలి."

"పంపుతున్నా. చొక్కా వేసుకోండి."

ఆయన ఆవిడని చూశాడు, ఫోను చూశాడు, కాఫీ కప్పు మెల్లిగా కింద పెట్టాడు. అక్కకి ఫోను చెయ్యలేదు.

చర్మవ్యాధుల డాక్టరు భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. రిపోర్టుకి వారం పడుతుందట.

"వారమా?" అన్నాడు, బల్ల మీద బోర్లా పడుకునే. "ఇలాంటివి నాన్చితే ఎలాగండీ? ఇంత నిర్లక్ష్యమైతే ఎట్లా?"

డాక్టరు ఆవిడ వైపు చూసింది. ఆవిడ గోడ వైపు చూసింది. నెలరోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఈలోగా ఆయన చెయ్యి బల్ల పక్కకి జారి, ఏం కావాలో చెప్పకుండా గాల్లో వెతుకుతోంది.

ఆవిడ ఆ మాటలన్నిటినీ రిపోర్టు వచ్చేదాకా వాయిదా వేసి, తన చెయ్యి అందించింది.