బసిలియా ఇల్లు మోసిన రోజు

నిన్నటిదాకా బసిలియా పెద్దమ్మ ఇల్లు మమ్మల్ని కుక్కిన శిబిరం చుట్టూ కట్టిన తాడుకి ఇవతలే ఉంది. పొద్దున అమెరికా సిపాయిలు తాడు లోపలికి జరిపారు, ఇల్లు అవతల పడింది. తాడుకి అవతల ఉన్న ఇల్లయినా, గేదెయినా, మనిషయినా శత్రువు కిందే లెక్కని వాళ్ళ శాసనం.

స్పెయిన్ దొరల పీడ వదిలిస్తామని సముద్రం దాటి వచ్చిన పెద్దమనుషులు వీళ్ళు. నాలుగేళ్ళు తిరక్కుండానే మా బతాంగాస్ జిల్లా పల్లెలన్నిటినీ తాళ్ళ మధ్యకి తోలారు. కొండల్లో పోరాడే మావాళ్ళకి గింజ అందకూడదట. అందుకని మా నోటికాడ గింజే లాగేశారు. నది ఒడ్డున మా వరి పండి ఒరుగుతోంది. ఇక్కడ ఆకలికీ జ్వరానికీ రోజుకి ముగ్గుర్ని పాతిపెడుతున్నాం.

మా దగ్గర ఇల్లు మారడమంటే ఇంటినే మోసుకుపోవడం. వెదురు గోడలు, ఆకుల కప్పు. కింద బొంగులు దూర్చి ఇరవైమంది భుజం పెడితే లేస్తుంది. దారిలో నేల తగలకూడదు. కూలి అడగరు. దించాక ఇంటామె అన్నం పెట్టాలి, అప్పుడే ఇల్లు మారినట్టు.

కెప్టెన్ వచ్చాడు. పక్కన దుబాసీగా మా భూస్వామి డాన్ ఫౌస్టో. ఆయన రాతి మేడ దగ్గర తాడు ఎప్పుడూ మర్యాదగా వంపు తిరిగి పోతుంది.

“మధ్యాహ్నంలోగా లోపలికి మొయ్యకపోతే తగలబెడతారు. నీ మంచికే చెబుతున్నా బసిలియా” అన్నాడు ఫౌస్టో.

“నా మంచంతా నీ పొట్టలోనే కనబడుతోంది దొరా” అంది పెద్దమ్మ.

జనం గొల్లున నవ్వారు. నవ్వి ఎన్నాళ్ళయిందో.

భుజాలు పెట్టాం. ముందు బొంగు కింద వడ్రంగి హిలారియో, వెనక నేను. పెద్దమ్మ అడ్డంగా నిలబడింది.

“ఇప్పటికి రెండుసార్లు మోశారు. ఒక్క మెతుకైనా పెట్టానా మీకు?”

“ఇప్పుడదెందుకు పెద్దమ్మా, జరుగు” అన్నాడు హిలారియో.

“జరగను. ఈసారి మిమ్మల్ని పస్తు పంపను. నా అన్నం నది ఒడ్డున నిలబడి ఉంది. అక్కడికి మొయ్యండి.”

“కాల్చేస్తారే!” అన్నారెవరో వెనకనుంచి.

“ఇక్కడుంటే బతికిస్తారా?”

హిలారియో గొంతెత్తాడు. “ఎత్తండిరా! నది వైపు!”

ఇల్లు లేచి అటు తిరిగింది. మేం దారి తప్పామనుకుని కెప్టెన్ పకపకా నవ్వాడు. “అటు కాదు వెధవల్లారా, ఇటు!” అని అరిచాడు ఫౌస్టో. మేం తాడు తొక్కాక గానీ వాళ్ళకి అర్థం కాలేదు.

తుపాకులు పేలాయి. హిలారియో కూలిపోయాడు. ముందు మూల ఒరిగింది. అది నేల తాకేలోగా పెద్దమ్మ తన ముసలి భుజం పెట్టింది. ఆమె వెనక జనమంతా తాడు దాటి కదిలారు. కాల్చేవాళ్ళు పన్నెండుమంది, నడిచేవాళ్ళం నాలుగొందలమందిమి. నది చేరేసరికి ఐదుగురు తగ్గారు. ఇల్లు మాత్రం నేల తాకలేదు.

వెనక్కి తగ్గిన కెప్టెన్ బలగాన్ని పిలిపించాడని, సాయంత్రానికి వస్తారని మాకు తెలుసు. అయినా కోశాం, దంచాం, వండాం. పెద్దమ్మ మొదటి ఆకు హిలారియో పేర వేసింది. మాకు ముద్ద దిగలేదు. నాకైతే ఏడుపొచ్చింది.

“తినండిరా” అని కసిరింది. “మొయ్యాల్సింది ఈ ఒక్క ఇల్లేనా?”

తలెత్తి చూశాం. తాడు దగ్గర ఇంకో ఇల్లు లేస్తోంది.