కడుపుమంటకు కారణం పులుసు

ఫిల్మ్ నగర్‌లో మాటల రచయిత రాఘవేంద్రకి సిగరెట్టు వెలిగితే గానీ డైలాగు రాదు, రెండు పెగ్గులు పడితే గానీ సీను కదలదు. ఈ సంగతి ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. జూబ్లీహిల్స్‌లో దర్శకుడు జగదీశ్ ఆఫీసులో కథ మీద కూర్చున్నన్నాళ్ళూ ఆ రెండిటికీ లోటు రానిచ్చేవారు కాదు.

ఆ వేసవిలో ఆయనకి కడుపులో మంట మొదలైంది. దోషిని వెంటనే పట్టేశాడు: భార్య భువన పెట్టే పులుసు. ఇంట్లో చింతపండు బందయింది. మంట తగ్గలేదు. మిరపకాయల మీద పడ్డాడు, ఆ తర్వాత కందిపప్పు మీద. చప్పిడి కూరలు వండీ వండీ, మరి సిగరెట్ల సంగతేంటని భువన ఒకసారి అడిగింది. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, మంట కడుపులో, ఆపాటి తెలీదా అని ఆయన నవ్వాడు. మందు అరుగుదలకి మంచిదని కూడా సెలవిచ్చాడు.

నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. ప్యాంటు జారిపోతోంది. సన్నబడి హీరోలా ఉన్నావని జగదీశ్ మెచ్చుకున్నాడు. ఒకరోజు నల్లగా వాంతి అయ్యాక గానీ, ఆసుపత్రికి వెళదామన్న భువన మాట ఇంట్లో చెల్లలేదు. ఆసుపత్రిలో గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపి, జీర్ణాశయంలో క్యాన్సరని డాక్టర్ శ్రీనిధి చెప్పింది.

"పులుసు వల్లేనంటారా?" అన్నాడు రాఘవేంద్ర, ఆశ చావక.

"పులుసు కాదండీ. ఫలానా దానివల్లే అని ఒట్టేసి చెప్పలేం గానీ, పొగాకూ మందూ ఈ ముప్పుని పెంచుతాయి. పొగలోని విషం ఊపిరితిత్తుల దగ్గరే ఆగదు. ఉమ్ముతో కడుపులోకీ దిగుతుంది. మీరు రెండూ కలిపి ఎన్నేళ్ళు పోశారు?"

మాటల రచయిత పక్కనున్న భువన వైపు చూడలేకపోయాడు.

జీర్ణాశయం సగానికి పైగా కోసి తీసేశారు. కీమో అయ్యి, లేచి తిరిగేసరికి ఏడాది పట్టింది. రెండు అలవాట్లూ పోయినా డైలాగులు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇదే ఆయనకి అన్నిటికన్నా అవమానంగా తోచింది.

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిన రోజు, గదిలో పొగ వద్దని మెల్లగా అడిగాడు. జగదీశ్ సిగరెట్టు నలిపేసి, కావలించుకుని, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. మర్నాడు వెళితే గదికి తాళం. వాచ్‌మన్ పోచయ్య మొహమాటపడ్డాడు.

"సార్లు ఇగ గీడ కూసుంటలేరు సార్. మణికొండ దిక్కు రూమ్ తీసుకున్నరు. మీకు చెప్పలేదా?"

సాయంత్రం జగదీశే ఫోన్ చేశాడు. విశ్రాంతి తీసుకోమన్నాడు, నిన్న రాసిన ఆఖరి సీను మాత్రం వాట్సాప్‌లో పంపమన్నాడు. రాఘవేంద్ర పంపలేదు.