పంటినొప్పి నాటి పాఠం

మద్రాసులో నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పే తాయారు సిస్టర్ని నేను. నా కోపం సంగతి ఆసుపత్రిలో అందరూ ఎరుగుదురు. పంతొమ్మిది వందల యాభై ఆరులో నా క్లాసు పిల్ల లూర్దుమేరి రాత పరీక్ష కాగితం చూడగానే ఆ కోపం నషాళానికంటింది. అక్షరాలు తిరగబడి, అంకెలు తారుమారై, ఒక్క జవాబూ తిన్నగా లేదు. ‘బద్ధకం’ అని ఎర్రసిరాతో రాశాను.

కానీ ఒకటి అంతుపట్టలేదు. వార్డులో, రాయపురం నుంచి వచ్చిన ఆ పిల్ల కట్టిన కట్టు జారదు, పరిచిన పక్కకు ముడత ఉండదు. చదవని పిల్లకు ఇంత పని ఎలా వచ్చిందా అని రోజూ ఆమె చేతులకేసే చూసేదాన్ని.

నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ చివరి అవకాశంగా నోటి పరీక్ష పెట్టమన్నారు. అందులోనూ తప్పితే ఇంటికి పంపేస్తారు. ప్రశ్నలడగడానికి ఊళ్లోనే ఉన్న చూలై పేట నుంచి డాక్టర్ కోదండరాం వచ్చారు, మా తెలుగాయనే. పక్కన నేను కూర్చున్నాను.

లూర్దుమేరి గడగడా చెప్పుకుపోయింది. మధ్యలో “వింటున్నారా?” అంది. డాక్టర్ ఉలిక్కిపడి తలెత్తారు. అది నా ఊతపదం. నా మాటలు, నా విరుపులు ఆ పిల్ల నోట్లోంచి వస్తుంటే నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

“గాజు సిరంజీలు ఎట్ట మరిగిస్తావమ్మా?” అని అడిగారు డాక్టర్.

“మరిగే నీళ్లలో వేసి, సార్. రబ్బరు గొట్టాలైతే చన్నీళ్లలో పెట్టి పొయ్యి ముట్టించాల.”

పూర్తిగా తలకిందులు. అలా వేస్తే గాజు పగులుతుంది. డాక్టర్ కలం మూసేశారు.

“ఏ పుస్తకంలో చదివినావే ఇది?” అన్నాను మండిపడుతూ.

“చదవలేదు సిస్టర్. మీకు పంటినొప్పి వచ్చిన దినం మీరే చెప్తిరి. వార్డులో వేరేగా చేస్తాంటే అనుమానం వచ్చింది. పుస్తకం చూద్దామంటే నా కంటికి అక్షరాలు కుదురుగా నిలవవు. చిన్నప్పట్నించీ అంతే. మీరు చెప్పిందే నాకు పుస్తకం.”

ఆ రోజు గుర్తొచ్చింది. బుగ్గలో లవంగనూనె దూది పెట్టుకుని తారుమారుగా చెప్పేశాను. మిగతా పిల్లలు పుస్తకం చూసి దిద్దుకుని ఉంటారు. నా కోపానికి జడిసి ఎవరూ నాతో అనలేదు. చాలా సిగ్గేసింది.

“మరి మందు సీసా మీద పేరెట్ట తెలుస్తుంది?” అన్నారు డాక్టర్.

“మూడు తూర్లు చూస్తా సార్. ఆమీద పక్కామెను చదవమంటా. ఆమె సరే అనేదాకా మూత తీయను.”

డాక్టర్ నా వైపు చూశారు. నేను నోరు మెదపకపోతే నా పరువు నిలిచేది, పిల్ల రాయపురం పోయేది.

“ఆ జవాబు నాది డాక్టర్‌గారూ. సున్నా నాకు వేయండి” అన్నాను.

ఆయన కలం తెరిచి, పాస్ అని రాశారు.

బయటికి రాగానే లూర్దుమేరి నా వెనకే వచ్చింది. “ఆ పాఠం మళ్లా ఒకసారి చెప్తారా సిస్టర్?”

వరండాలోనే నిలబడి చెప్పాను. ముందు పుస్తకం తెరిచి చూసుకున్నాను.